చల్ది బంతిలో యాగభోక్త

కార్తీకం దగ్గరపడుతుంటే అందరికీ దీపాలు గుర్తొస్తాయి. నాకు చల్దన్నం గుర్తొస్తుంది. అంతా పోతన గారి చలవ.

కడుపున దిండుగాఁ గట్టిన వలువలో
లాలిత వంశనాళంబుఁ జొనిపి
విమల శృంగంబును వేత్రదండంబును
జాఱి రానీక డాచంక నిఱికి
మీఁగడ పెరుగుతో మేళవించిన చల్ది
ముద్ద డాపలి చేత మొనయ నునిచి
చెలరేఁగి కొసరి తెచ్చిన యూరుఁగాయలు
వ్రేళ్ళ సందుల యందు వెలయ నిఱికి
సంగడీల నడుమఁ జక్కగఁ గూర్చుండి
నర్మభాషణముల నగవు నెఱపి
యాగభోక్త కృష్ణుఁ డమరులు వెఱఁగంద
శైశవంబు మెఱసి చల్ది గుడిచె.

ఈ పద్యం చదివినప్పుడల్లా మనం ఊరగాయల దగ్గరే ఆగిపోతాం. ఆగాల్సిందే, అంత ముద్దొచ్చే బొమ్మ అది. కానీ వయసు పైబడే కొద్దీ నా చూపు ఆ సంగడీల దగ్గర, అంటే ఆ నేస్తాల దగ్గర నిలుస్తోంది. యజ్ఞాల్లో హవిస్సు అందుకునే స్వామి, దేవతలు పైనుంచి నోళ్లు తెరుచుకుని చూస్తుండగా, దూడలు కాసుకునే పిల్లల మధ్య చతికిలబడి సద్ది తింటున్నాడు. ఎత్తుపీట లేదు. వేరే విస్తరీ లేదు.

దీనికి కాస్త ముందే ఇంకో పద్యం ఉంది. మన ఉపన్యాసకులు ఎందుకో దీన్ని తొందరగా దాటేస్తారు.

జలజాంతస్థిత కర్ణికం దిరిగిరా సంఘంబులై యున్న ఱే
కుల చందంబునఁ గృష్ణునిం దిరిగిరాఁ గూర్చుండి వీక్షించుచున్
శిలలుం బల్లవముల్ దృణంబులు లతల్ చిక్కంబులుం బువ్వు లా
కులు కంచంబులుగా భుజించి రచటన్ గోపార్భకుల్ భూవరా!

తామర దుద్దు చుట్టూ రేకులున్నట్టు కృష్ణుడి చుట్టూ కూర్చున్నారు. అలా గుండ్రంగా కూర్చున్న చోట మొదటి చోటెవరిది, చివరి చోటెవరిది? సంస్కృత మూల భాగవతంలో వ్యాసుల వారు ఇంకో మాట కూడా అన్నారు, పిల్లలందరి ముఖాలూ ఆయన వైపే ఉన్నాయట. ఇక ఆ కంచాలు చూడండి. ఒకడికి రాయి, ఒకడికి చిగురాకు, ఒకడికి గడ్డి, ఒకడికి ఇంటి నుంచి చద్ది మోసుకొచ్చిన చిక్కమే. చేతికి ఏది దొరికితే అది. వెండి కంచం తెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు.

ఆ బంతిలో అల్లరి ఇంకా ఉంది. ఒకడు పక్కవాడి కంచంలోది లాక్కుని గుటుక్కున మింగి, చూడు ఏమీ లేదని నోరు తెరిచి చూపిస్తాడు. ఇంకొకడు అదిగో కృష్ణుణ్ణి చూడమని దృష్టి మళ్లించి ఎదుటివాడి పిండివంటలు ఖాళీ చేస్తాడు. మా ఇంటి తిండి రుచి చూడంటే మా ఇంటిది చూడమని ఒకరికొకరు చూపించుకుంటూ తిన్నారని వ్యాసుల వారే చెప్పారు. ఎంగిలి, మడి, అంటు, ఏవీ ఆ ఇసుక తిన్నె మీద అడుగుపెట్టలేదు. అక్కడున్నది పరబ్రహ్మం కాబట్టి అని ఎవరైనా అంటారేమో. పిల్లలకి ఆయన పరబ్రహ్మమని తెలియదు కదండీ. వాళ్లకి ఆయన ఊరగాయ పంచే స్నేహితుడంతే.

మనం ఉసిరి చెట్టు కింద చేసే వనభోజనం ఈ చల్దుల బంతి మనుమరాలు. అలాగనే నేను నమ్ముతాను. దామోదరుడి మాసంలో, తోటలో, ఆరుబయట, అందరూ కలిసి తినడం మరి ఇంకెవరి నుంచి నేర్చుకున్నట్టు?

పోయిన ఏడాది ఒక బాబాయి ఫోన్ చేశారు.

“అమ్మాయ్, వచ్చే ఆదివారం మనవాళ్ల వనభోజనాలు. తప్పకుండా రావాలి. వాట్సాప్‌లో ఫారం పంపించాను, నింపెయ్యి.”

“మనవాళ్లంటే ఎవరు బాబాయ్?”

“అదేం ప్రశ్నే! మనవాళ్లంటే మనవాళ్లే.”

ఫారం తెరిచి చూశాను. పేరు, ఇంటిపేరు, గోత్రం, సొంత ఊరు, ఉపశాఖ, పెళ్లి కావలసిన పిల్లలుంటే వాళ్ల వివరాలు. ఏ కూర తినరు, ఎంతమంది వస్తారు అనేవి చిట్టచివర. చెట్టు సంగతి ఎక్కడా లేదు. స్థలం ఒక రిసార్టు, దానికో గేటు, గేటు దగ్గర పేర్లు సరిచూసుకునే కుర్రాళ్లు.

ఇదొక్క కులం సంగతి కాదు. కార్తీక ఆదివారాల్లో మన ఊళ్ల కూడళ్లలో ఫ్లెక్సీలు చదువుకుంటూ వెళ్లండి. ఫలానా వారి వనసమారాధన, ఫలానా వారి ఆత్మీయ వనభోజన మహోత్సవం. పైన కార్తీక దామోదరుడు చిన్న బొమ్మలో, కింద నాయకులు పెద్ద బొమ్మల్లో. ధాత్రీ పూజ, అంటే ఉసిరి చెట్టు పూజ, కానిచ్చామనిపించి వేదికెక్కితే, ఇక మన జనాభా ఎంత, మనకి టికెట్లు ఎన్ని, మనవాడికి మంత్రి పదవి ఎందుకు రాలేదు. పులిహోర చల్లారిపోతూ ఉంటుంది. అన్ని పార్టీలవాళ్లూ వస్తారు, అన్ని కులాల వేదికలూ ఎక్కుతారు, ఒక్కో చోట ఒక్కో రకంగా మాట్లాడతారు. ఆ మాటలు వింటున్న ఉసిరి చెట్టుకు మాత్రం ఫ్లెక్సీ కట్టడానికి మానులో కొట్టిన మేకులు మిగులుతాయి.

నాకు ఒళ్లు మండే విషయం ఇదీ. సంఘ సమావేశాలు పెట్టుకోండి, ఎవరు కాదన్నారు? పేదింటి పిల్లలకు ఫీజులు కడుతున్నారంటే చేతులెత్తి దండం పెడతాను. తరతరాలుగా దెబ్బ తిన్నవాళ్లు ధైర్యం కోసం ఒకచోట చేరడం ఇంకో సంగతి, దాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. అయితే ఆ పనులకు ఏడాదిలో అన్ని రోజులున్నాయి, ఊళ్లో అన్ని హాళ్లున్నాయి. చల్దుల బంతిని తెచ్చి గేటు లోపల పెట్టి, దానికి దామోదరుడి పేరు తగిలించడమెందుకు?

గేటు లోపల జరిగిన పూజ కథ భాగవతంలోనే ఉంది. దశమ స్కంధంలో చల్దులు కుడిచిన ఘట్టం తర్వాత చాలా దూరం వెళితే తగులుతుంది. నాకు మహా ఇష్టమైన చోటు అది, కొంచెం నిదానంగా చెప్పుకోనివ్వండి.

ఎండ మాడ్చేస్తోంది. కృష్ణుడూ పిల్లలూ ఆవుల్ని తోలుకుంటూ చాలా దూరం వచ్చేశారు. చెట్లు గొడుగుల్లా నీడ పడుతుంటే ఆయన స్నేహితుల్ని పేరుపేరునా పిలిచి ఆ చెట్లను చూపిస్తాడు. “పశ్యతైతాన్ మహాభాగాన్ పరార్థైకాంత జీవితాన్” అంటాడు. ఈ మహానుభావుల్ని చూడండిరా, వీళ్ల బతుకంతా పరుల కోసమే. గాలీ వానా ఎండా మంచూ తాము ఓర్చుకుని మన మీద పడకుండా ఆపుతున్నారు. అడగవచ్చినవాడు వీళ్ల దగ్గర నుంచి ఉత్త చేతులతో వెళ్లడు. ఆకు, పువ్వు, పండు, నీడ, వేరు, బెరడు, కట్టె, చివరికి బూడిద కూడా ఇస్తారు. ఆ మాట చెప్పి యమునకు తీసుకెళ్లి ముందు ఆవులకు నీళ్లు తాగించారు. తర్వాతే పిల్లలు తాగారు. చల్దుల రోజునా అంతే, దూడలు నీళ్లు తాగి పచ్చిక మేస్తున్నాకే మూటలు విప్పారు.

అప్పుడు ఆకలైంది. దగ్గర్లో బ్రాహ్మణులు స్వర్గం కోరి ఆంగిరస సత్రమనే యాగం చేస్తున్నారు, అక్కడికి వెళ్లి మా అన్నదమ్ముల పేరు చెప్పి అన్నం అడగండని పంపాడు స్వామి. పిల్లలు వెళ్లి నేల మీద సాగిలపడ్డారు. ఎంత మర్యాదగా అడిగారో! దీక్షలో ఉన్నవారి అన్నం ఏ సమయంలో తింటే దోషం, ఎప్పుడైతే దోషం లేదు అనే శాస్త్రం కూడా ఆ పశులకాపరి పిల్లలే చెప్పారు. అవతలి నుంచి జవాబు లేదు. ఔననలేదు, కాదనలేదు. విని కూడా విననట్టు ఊరుకున్నారు.

తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. గేటు దగ్గర కుర్రాళ్లు కూడా ఎవర్నీ తిట్టరు, జాబితాలో పేరు లేదంటారు అంతే. లోపల అగ్నిహోత్రం వెలుగుతూనే ఉంటుంది, మంత్రం స్వరం తప్పదు, హవిస్సు పడుతూనే ఉంటుంది. ఆ హవిస్సు ఎవరికి చేరాలో ఆయన మాత్రం ఊరి బయట చెట్టు కింద ఆకలితో కూర్చుని ఉన్నాడు. పోతన గారు చల్దుల పద్యంలో యాగభోక్త అని ఊరికే అన్నారా?

పిల్లలు చిన్నబోయి తిరిగొస్తే స్వామి నవ్వాడు. ఈసారి ఆ ఇళ్ల ఆడవాళ్లను అడగమన్నాడు. వాళ్లు మగవాళ్ల అనుమతి కోసం ఆగలేదు. నాలుగు రకాల అన్నం పాత్రల్లో పెట్టుకుని, భర్తలూ అన్నదమ్ములూ అడ్డుపడుతున్నా, నదులు సముద్రానికి పోయినట్టు పోయారు. ఆ అన్నం వస్తే స్వామి ముందు గోపబాలురకు పెట్టాడు, తర్వాత తాను తిన్నాడు. ఈ వరసను మాత్రం ప్రతి వనభోజనం కమిటీ పెద్దా గోడ మీద రాసుకోవాలి.

ఆ తర్వాత యాజ్ఞికులకు కళ్లు తెరుచుకున్నాయి. ఏమన్నారు? మా జన్మ ఎందుకు, మా చదువెందుకు, మా వ్రతమెందుకు అని తిట్టుకుంటూ, “ధిక్కులం” అన్నారు. ఛీ మా కులం అన్నారు. అన్నది వేదం చదువుకున్న వాళ్లు, యజ్ఞశాలలో నిలబడి. నేను అనడం లేదు, నా మీదకి రాకండి.

ఇక చల్దుల బంతి మధ్యలో బ్రహ్మగారు చేసిన నిర్వాకం అందరికీ తెలిసిందే. ముద్ద చేత్తో పట్టుకునే, తప్పిపోయిన దూడల్ని వెతకడానికి స్వామి వెళ్లాడు, ఈలోగా బ్రహ్మగారు అందరినీ మాయం చేసి దాచేశారు, దూడలూ లేవు, పిల్లలూ లేరు. బంతి చెదిరింది. స్వామి ఏం చేశాడు? మాయమైన ప్రతి పిల్లవాడూ, ప్రతి దూడా తానే అయ్యాడు. ఏడాది పాటు ఇంటింటికీ వెళ్లి ఆ తల్లుల చేత అన్నం తిన్నాడు. మనం బంతిలోంచి ఎవరిని లేపేస్తామో ఆ రూపంలో ఆయన ఉన్నాడన్నమాట. చివరికి బ్రహ్మగారు కిరీటాలు నేలకానించి అడిగిన వరం వింటే గుండె కరుగుతుంది: ఈ అడవిలో ఏదో ఒక పుట్టుక ఇవ్వు, గోకులంలో ఎవరిదో ఒకరి పాదధూళి నా మీద పడితే చాలు. ఎవరిదో ఒకరిది! సృష్టికర్త ఆ గొల్లపల్లెలో గోత్రం అడగలేదు. పిల్లలు తిరిగొచ్చాక కృష్ణుడితో అన్న మాట ఇంకా గొప్పది. నువ్వు లేకుండా మేమొక్క ముద్దయినా తినలేదు, రా, కూర్చుని తిందాం.

అదంతా ద్వాపరం అంటారా? సరే, పల్నాడు రండి. పన్నెండో శతాబ్దంలో మాచర్ల చెన్నకేశవుడి భక్తుడు బ్రహ్మనాయుడు చాప పరిచి, అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. చాపకూడు అన్నారు దాన్ని. మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనానిని చేశాడని పల్నాటి కథ పాడతారు. కారంపూడిలో నాగులేరు ఒడ్డున ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్య నుంచి రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి, చాపకూడూ జరుగుతుంది. ఒకవైపు కార్తీకం ముగిసీ ముగియగానే చాపకూడు, మరోవైపు ఆ కార్తీకమంతా ఊరూరా కులానికో షామియానా. ఎవరిని చూసి నేర్చుకున్నామో చెప్పండి.

గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు (1841-1909) అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరి, దారిలో ఆకలితో ఉన్న పెళ్లివారు “ఇంకాసేపట్లో సీతమ్మ గారి ఇల్లొస్తుంది, అన్నం తినొచ్చు” అని పిల్లల్ని ఊరుకోబెట్టడం విని వెనక్కి తిరిగి వెళ్లిపోయారని చెప్పుకుంటారు. స్వామి దర్శనం మానుకుని పొయ్యి వెలిగించింది ఆ తల్లి. లంకల గన్నవరంలో ఆమె అరుగెక్కినవాణ్ణి ఏ వేళ వచ్చావనిగానీ, ఏ కులమనిగానీ అడిగింది లేదు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనం ఆవిడ పేరు మీదే నడుస్తోంది. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం సంగతి చూడండి. క్యూ ఎవరి పక్కన కూర్చోబెడితే వాళ్ల పక్కనే తింటాం, సాంబారు వడ్డించే లోపు ఆయనది ఏ ఊరో కనుక్కుంటాం. కొండ మీద అంత సులువుగా కుదిరింది కొండ దిగగానే ఎందుకు కుదరదు?

పాతకాలంలో అంతా కలిసే తినేవాళ్లం, ఇప్పుడే చెడిపోయాం అని మాత్రం నేననను. మా ఊరి కాలవ గట్టు మామిడితోపులో వనభోజనాలు నాకు బాగా గుర్తు. గాడిపొయ్యి మీద గుమ్మడికాయ దప్పళం ఉడుకుతుంటే ఊరంతా వాసన. మొదటి బంతిలో ఎవరు కూర్చునేవారో, రెండో బంతిలో ఎవరో, పేట పిల్లలు గట్టు మీద గిన్నెలు పట్టుకుని ఎండ వాలేదాకా ఎందుకు నిలబడేవారో చిన్నపిల్లలం మాకూ తెలుసు. అయితే తోపు ఊరందరిదీ, నిలబడడానికైనా గట్టు ఉండేది. ఆ తోపు ఇప్పుడు ప్లాట్లయింది. చెరువు గట్టు, గుడి మాన్యం, ఊరుమ్మడి తోట, పదిమంది కూర్చోగల చోటు ఒక్కొక్కటే పోయింది. వనం లేకపోయాక రిసార్టు వచ్చింది, రిసార్టుతో పాటు గేటు వచ్చింది. వనభోజనం కావాలనేవాళ్లు ముందు వనం ఎక్కడుందో కూడా కాస్త పట్టించుకోవాలి. పంచాయతీకో మున్సిపాలిటీకో ఒక అర్జీ పెట్టి ఊరుమ్మడి స్థలంలో నాలుగు ఉసిరి, రెండు మారేడు నాటించి, మొక్కలు బతికేదాకా నీళ్లు పోయించడం కూడా కార్తీక వ్రతమే.

మా వీధిలో నలుగురం కలిసి ఊరి చివర తోటలో వనభోజనం పెట్టుకున్నాం. వీధిలో ఉన్నవాళ్లందరినీ పిలిచాం. వీధి ఊడ్చేవాళ్లు, ఇస్త్రీ బండి ఆయన, పాలు పోసేవాళ్లు, మా గుడి పంతులు గారి కుటుంబం, మూలింట్లో అద్దెకుండే నర్సు పిల్లలు. కొందరు ఏవో పనులున్నాయన్నారు, ఏం పనులో మాకు తెలుసు, వాళ్లకీ తెలుసు. ఊడ్చే ఆవిడ ఒకావిడ చేతిలో గుడ్డ సంచి దింపకుండా కూర్చుంది. వడ్డన సగమైంది. పంతులు గారి భార్య, మేమంతా అత్తయ్య గారని పిలుస్తాం, ఆవిడ పక్కనే కూర్చున్నారు.

“ఆ సంచిలో ఏముందమ్మా?”

“ఏం లేదమ్మగారూ.”

“ఏం లేకపోతే నూనె మరక ఎలా పడింది? పచ్చడి తెచ్చి దాచుకుంటావా?”

హార్లిక్స్ సీసా నిండా కొత్త చింతకాయ పచ్చడి. మిరపకాయ ఘాటు మూత తీయగానే వచ్చింది. ఇవ్వాలో వద్దో తెలియక ఆవిడ అలా పట్టుకునే ఉంది. అత్తయ్య గారు అరచెయ్యి చాపారు. ఇంత పచ్చడి ముద్ద చేతిలో వేయించుకుని, అన్నంలో కలుపుకుని, కళ్లెంట నీళ్లు కారుతుంటే, “ఉప్పు సరిపోయింది, ఇటివ్వు” అని సీసా పక్కకి తిప్పారు. అది బంతంతా తిరిగి ఖాళీగా వచ్చింది. వంటాయన చేసిన కుర్మా ఎవరూ అడగలేదు, ఆయనకి కోపం వచ్చింది. ఆ రోజు మా పూజలో ఏమైనా లోపం జరిగిందేమో నాకు తెలియదు, యాగభోక్త మాత్రం భోంచేసి వెళ్లాడని నా నమ్మకం.

కాబట్టి బాబాయిలారా, పిన్నిలారా, ఈ కార్తీకానికి జాబితా రాయడం మొదలుపెట్టేముందు కాస్త ఆలోచించండి. ఫారంలో గోత్రం గడి కొట్టేయండి. నాయకుణ్ణి పిలిస్తే పిలవండి, మైకు ఇవ్వకండి, విస్తరి వేయండి. కులసంఘం డబ్బుతోనే పెడుతున్నారా, పెట్టండి, గేటు మాత్రం తీసి ఉంచండి, దారిన పోయేవాణ్ణి కూడా లోపలికి రమ్మనండి. అమెరికాలోనూ పార్కుల్లో కార్తీక వనభోజనాలు పెట్టుకుంటున్నారు కదా, పక్క బల్ల దగ్గర కూర్చున్న తెలియని వాళ్లకు ఇంత పులిహోర ఇస్తే మన నోము చెడిపోదు. చెట్టుకు మేకు కొట్టకండి, తాడుతో కట్టుకోండి, అదీ సాయంత్రానికి విప్పేయండి. పొయ్యి వేళ్లకు దూరంగా తవ్వండి. దీపం పెట్టిన ఉసిరికాయల్నీ, విస్తళ్లనీ, నీళ్ల సీసాలనీ చెట్టు కింద వదిలేసి రాకండి, దామోదరుడికి నివేదన పెట్టిన చోటది. చెట్టుకు రెండు బిందెల నీళ్లు పోసి, దగ్గర్లో పశువులుంటే వాటికి తొట్టి నింపి, ఆ తర్వాత విస్తళ్లు వేయండి. మొదటి బంతిలోనే నీళ్ల డబ్బాలు మోసిన కుర్రాణ్ణీ, వంటవాళ్లనీ, గుండిగలు తోమడానికి వచ్చిన ఆవిడనీ కూర్చోబెట్టండి. వడ్డించడానికి మనకి చేతులున్నాయి కదా.